వీపు అరిగిన బొమ్మ

ఆ రోజు నా సంచిలో జానెడు పొడవు రక్తచందనం ఉంది. దుంగ కాదు, మా అవ్వ పెళ్ళిబొమ్మ. జంటగా వచ్చిన మగబొమ్మ ఏ కాపురం మార్పులో ఎక్కడ పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆడబొమ్మ మాత్రం మిగిలింది. అవ్వ పెళ్ళినాటి బొమ్మకు నేను బిల్లెక్కడినుంచి తెచ్చేది? తిరుపతి నుంచి కాళహస్తి వైపు పోయే బస్సులో ఖాకీ చొక్కా కనబడిన ప్రతిసారీ సంచిని ఒళ్ళోకి లాక్కుంటూనే ఉన్నాను.

నన్ను పంపింది ఎడిటర్ గారు. ఆయనకెవరో ఫోన్‌లో ఒక ఫొటో పంపారు. అరచేతిలో ఇమిడే చెక్కబొమ్మ. మొహం లేదు. నడినెత్తి నుంచి మొల దాకా ఏడు చుక్కలు, ఏడు రంగుల్లో. కింద ‘ఎనర్జీ హీలింగ్ డాల్’ అని రాసి ఉంది. “ఇవి మన మాధవమాలలోనే చెక్కుతున్నారటమ్మా, ఒకసారి చూసి రా” అన్నారు. ఆయనకు ఆశ్చర్యంగా ఉంది. నాకు బస్సెక్కక ముందు నుంచే చిరాగ్గా ఉంది. ఆ చిరాకు ఈ వ్యాసమంతా కనబడుతుంది, దాచను.

మాధవమాల ఏర్పేడు మండలంలో ఉంది. ఏ పంచలో చూసినా వినాయకుడో వెంకటేశ్వరుడో సగం చెక్కి వెల్లకిలా పడుకోబెట్టి ఉంటాడు. వీధి పొడుగునా ఉలి చప్పుడే. ఇదంతా ఇదివరకే చాలామంది రాశారు. నేను ఊరంతా తిరగలేదు. ఒకే పంచలో, ఒకే మనిషి ముందు, పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా కూర్చున్నాను. ఊళ్ళో ఆయన్ని పెద్దాచారి అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను.

పెద్దాచారి చెక్కను చేత్తో పట్టుకోరు. ఎడమకాలి బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఇరికిస్తారు. పాదమే ఆయన పట్టుకారు. ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో చింతచెక్క సుత్తి. దెబ్బ గట్టిగా వెయ్యరు, తలుపు తట్టినట్టు తడతారు. చెక్క పొర చుట్టుకుని లేచి, ఊడి, మోకాలి మీద పడుతుంది. ఆయన చేస్తున్నది ఆ ఫొటోలోని బొమ్మే. తల గుండ్రంగా వచ్చింది. మెడ వచ్చింది. మళ్ళీ పైకి పోయి ముక్కు ఉండాల్సిన చోట ఉలి ఆనించారు. అంతలో ఆగిపోయారు. చిన్నప్పటి నుంచి ముక్కులు చెక్కిన చెయ్యి కదా, అక్కడికి చేరేసరికి దానంతటది ఒరిగింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని, ఉప్పుకాగితంతో ఆ చోటంతా నున్నగా రుద్దేశారు.

“మొగం వద్దంట మా” అన్నారు. “ఎవురికి బాగలేకుంటే వాళ్ళ మొగం దాంట్లో ఉన్నెట్టు అనుకుంటారంట. కండ్లు లేకుండా బొమ్మను ఇల్లు దాటించేది నాకేమో మనసుకు రాలేదు. మా అబ్బోడు, ‘నాయినా, అది బొమ్మ కాదు, ఆర్డరు’ అన్న్యాడు.”

అలా ‘అనుకోవడం’ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కొంత తెలుసు. జపాన్‌లో 1922లో మికావో ఉసుయి అనే ఆయన మొదలుపెట్టిన రేకిలో, చేతులు ఆనించి ప్రాణశక్తిని పంపుతామంటారు. మనిషి ఎదురుగా లేకపోతే దూరం నుంచీ పంపుతారట. అప్పుడు రోగికి బదులు ఒక దిండునో టెడ్డీబేర్‌నో బొమ్మనో ముందు పెట్టుకుని, దాని తల మీద చెయ్యి పెడితే అమెరికాలో ఉన్న కొడుకు తలనొప్పి తగ్గుతుందని నమ్మకం. ఆ శక్తిని కొలిచే పరికరం ఇంతవరకు ఏదీ లేదు. నమ్మకాలతో నాకు పేచీ లేదు, మా ఇంట్లోనూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. నా పేచీ వేరే. మనిషికి బదులు బొమ్మను కూర్చోబెట్టి దూరం నుంచి ఏదో చెయ్యడం మనకు కొత్తా? పిండిబొమ్మకు సూదులు గుచ్చారన్న అనుమానం మీద ముసలివాళ్ళను చెట్టుకు కట్టి కొట్టిన ఊళ్ళు మనకున్నాయి. ఊళ్ళో చేస్తే చేతబడి, ఏసీ గదిలో సాంబ్రాణి వెలిగించి చేస్తే హీలింగ్. మొదటిది కీడు కోసం, రెండోది మేలు కోసం అంటారు. నిజమే. కానీ రెండూ నడిచేది ఒకే లెక్క మీద. మొదటి లెక్కను మూఢనమ్మకమని మన పిల్లలకు బళ్ళో చెబుతున్నాం, రెండోదానికి వారాంతపు క్లాసుకు ఫీజు కడుతున్నాం.

“ఎంతకు తీసుకుంటారు?” అని అడిగాను. ఆయన చెప్పిన అంకె, ఫొటో కింద ఉన్న అంకె పక్కపక్కన పెట్టుకుంటే, రెండోదానికి ఒక సున్న ఎక్కువ ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. చెప్పాను. ఆయనేమీ అనలేదు, ఉలిని అరచేతిలో ఒకసారి తిప్పుకున్నారు. లోపలి నుంచి ఆయన భార్య, “ఇంతకీ అదేం చెక్కని చెప్పి అమ్ముతుండారు మా?” అన్నారు. ఫొటో కింద ‘పవిత్ర చందన శక్తి’ అని ఉంది. ఇక్కడ కాలివేళ్ళ నడుమ ఉన్నది వేప.

“వేపలోనూ గుణం ఉండాది కదా” అన్నారు పెద్దాచారి, తప్పు తనదైనట్టు.

అప్పుడు సంచిలోంచి మా బొమ్మను తీశాను.

ఆయన ఉలి కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, రెండు చేతులా అందుకున్నారు. ముందువైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి బొటనవేలితో వీపు నిమిరారు. భుజాల కింద నుంచి నడుము దాకా ఆ బొమ్మ వీపు గుంటపడి ఉంటుంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. “అరగదీసినారే” అన్నారు, మొహం వెలిగింది. “మీ అవ్వ కుడిచేతి మనిషి.”

మా ఇంట్లో మందుల పెట్టె అంటే ఒక సాన, ఒక వసకొమ్ము, ఒక కరక్కాయ, ఈ బొమ్మ. గవదబిళ్లలు వచ్చినా, సెగ్గడ్డ లేచినా, గడపకు తల కొట్టుకుని బొప్పి కట్టినా, అవ్వ పెట్టెలోంచి బొమ్మను తీసేది. సాన మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, బొమ్మను వెల్లకిలా పట్టుకుని వీపును అరగదీసేది. ఎర్రటి గంధం వచ్చేది. వాసన ఉండదు, అది తెల్లచందనానికే. ఆ ఎరుపు నీళ్ళలో కరగదు కూడా, సారాలో అయితే కరుగుతుందట. అంటే సాన మీద మనకు వచ్చేది రంగునీళ్ళు కాదు. చెక్కే మెత్తగా నలిగి, నీళ్ళలో ముద్దయి వస్తుంది. బొమ్మ ఒంట్లోంచి అంత భాగం పోయి పిల్లవాడి దవడ మీదికి చేరుతుంది. అందుకే ఆ గుంట. అది రోగాలన్నీ నయం చేసేదని నేను చెప్పను. చల్లగా ఉండేది, ఎండాక చర్మం బిగిసేది. అంతవరకు నా దవడే సాక్ష్యం. మా అమ్మ పళ్ళొచ్చే వయసులో ఈ బొమ్మ చెవులు కొరికిందట, ఒక చెవి ఇప్పటికీ లేదు. అలా కొరికినప్పుడు నోట్లోకి పోయిందీ మంచిదేనని అనేవాళ్ళు.

ఈ వీపు చూసినప్పటి నుంచి నాకొక ముచ్చటైన ఊహ ఉంది. ఈ తిరుపతి బొమ్మల వీపులు బల్లపరుపుగా ఉంటాయి కదా, అరగదీయడానికి వీలుగా కావాలనే అలా చేసేవాళ్ళేమో అని. అడిగేశాను. పెద్దాచారి పడీపడీ నవ్వారు. “ఎవురు చెప్పినారు మా? ముందుపక్క అందురూ చూస్తారు, ఈపు ఎవురు చూస్తారు? పని తగ్గుతాదని!” వ్యాసానికి మంచి వాక్యం ఒకటి అక్కడే పోయింది.

అసలుదేనా అని నాకు ఎప్పుడూ చిన్న అనుమానమే. చెబితే ఆయన లేచి ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు తెచ్చారు. మా బొమ్మను వదిలారు. రాయిలా అడుగుకు పోయింది. రక్తచందనం చేవ నీళ్ళకంటే బరువు. పక్కనే ఉన్న మొహంలేని బొమ్మను కూడా, పిల్లచేష్టలాగా, నీళ్ళలో వేశారు. అది వెల్లకిలా తేలింది. ఏడు చుక్కల కోసం తీసిన గుంటల్లోకి నీళ్ళు చేరుతుంటే ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

“ఈ మానుతో నేను చివరిసారి బొమ్మ చేసి ఎన్నేండ్లయిందో” అన్నారు. వేలు పెట్టి పడమర చూపించారు. ఆ దిక్కున గుట్టలు నీలంగా కనబడుతున్నాయి. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు: లోకంలో రక్తచందనం తనంతట తాను పెరిగేది దాదాపు ఈ గుట్టల మీదే. ఒకప్పుడు ఈ చెట్టు ఇళ్ళకు గుంజయ్యేది. తర్వాత దాని ధర లోకానికి తెలిసింది. చైనాలో కుర్చీలూ మంచాలూ. జపాన్‌లో షమిసెన్ అని మూడు తీగల వాద్యం ఉంది, దాని మెడకు ఈ చెక్కంటే ప్రాణం. చెట్టు చేవదేరడానికి దశాబ్దాలు, నరకడానికి పూట. 1995లో దీన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్‌లో చేర్చారు. చట్టం బిగిసింది. దొంగతనమూ బిగిసింది. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలం అడవిలోనే పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. పట్టుబడ్డ దుంగలు గోదాముల్లో పేరుకున్నాయి. 2014 నుంచి ప్రభుత్వం వాటిని వేలం వేసి విదేశాలకు అమ్ముతోంది, వేల టన్నుల లెక్కన.

చెట్టును కాపాడొద్దని ఎవరంటారు? కాపాడాల్సిందే. కానీ ఆ వేలంపాటలో టన్నులు పాడేవాడికి చోటుంది, మూరెడు ముక్క చాలన్న మనిషికి లేదు. ఒక దుంగలో ఎన్ని పెళ్ళిజంటలు వస్తాయో పెద్దాచారి వేళ్ళ మీద లెక్కవేశారు, వేళ్ళు చాలలేదు. మంచం చెయ్యాలంటే చెట్టు కావాలి, బొమ్మ చెయ్యాలంటే మంచం చెయ్యగా మిగిలిన తుంట చాలు. గోదాములో పగుళ్ళిచ్చి ఎవరికీ పనికిరాని తుంటల్నయినా లెక్కరాసి ఇవ్వొచ్చు కదా అంటే ఆయన, “అడగతానే ఉండాం” అన్నారు. ఎవరిని అడుగుతున్నారో చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

ఈలోగా ఖాళీ అయిన చోట ‘ఎనర్జీ’ వచ్చి కూర్చుంది. నాకు ఒళ్ళుమండేది ఆ మాట దగ్గరే. మా అవ్వకు వాపు వేరు, పోటు వేరు, సలుపు వేరు, సెగ వేరు. వేటికి బొమ్మ, వేటికి వసకొమ్ము, వేటికి ఇవేవీ కాదు, డాక్టరే అన్న తేడా ఆమెకు తెలుసు. జ్వరం మూడోరోజు దిగకపోతే బొమ్మను పెట్టెలో పెట్టేసి రిక్షా పిలిచేది. ఇప్పుడు అన్నిటికీ ఒకటే మాట, ఒకటే బొమ్మ, అదీ అరగని బొమ్మ. ఎంత వాడినా తరగదు, పోగొట్టుకునేదేమీ లేదు. తరగనిది కాబట్టి ఇంకొకటి కొనిపించాలంటే ఇంకొక జబ్బు చూపించాలి.

ఇంత కోపంలోనూ ఒకటి ఒప్పుకోవాలి. మా అవ్వ పోయాక ఈ బొమ్మను ఎవరూ అరగదీయలేదు. అద్దాల అలమారలో, దసరాకు బొమ్మల కొలువు మెట్టు మీద, మళ్ళీ అలమారలో. గంధం తియ్యడానికి ఇంట్లో సాన కూడా లేదు, ఫ్లాట్ మారినప్పుడు బరువని వదిలేశాం.

మూడింటికి లేవబోతుంటే పెద్దాచారి మనవడు బడి నుంచి వచ్చాడు. మెడ వెనక నిమ్మకాయంత సెగ్గడ్డ, చొక్కా కాలరు తగలకుండా తల వంకరగా పెట్టుకుని నడుస్తున్నాడు. మాత్రలు వాడుతున్నారట. పెద్దాచారి పిల్లవాడి మెడ చూశారు, నా చేతిలో బొమ్మను చూశారు, ఏమీ అనలేదు. అడిగింది ఆయన భార్య. “ఏమనుకోవాకు మా, ఒక్క రవ్వంత అరగదీసుకుంటాం. ఊళ్ళో ఎవురి ఇంట్లోనూ లేదు.”

సాన వాళ్ళింట్లో ఉంది. అరగదీసింది నేను. ముందు బొమ్మ జారిపోయింది, తర్వాత పట్టు దొరికింది. ఆ గుంట సరిగ్గా మా అవ్వ చేతివాటానికి అరిగింది కదా, నా చెయ్యీ ఆ ఒంపులోనే పడింది. ఎంతకీ రంగు రాలేదు. ఇన్నేళ్ళుగా పట్టిన పైపొర పోవాలన్నారు పెద్దాచారి. పోయింది. ఎరుపు దిగింది. పిల్లవాడు చల్లగా ఉందని మెడ ముడుచుకున్నాడు, నాన్నమ్మ గట్టిగా పట్టుకుని పూసింది. వాడు వదిలించుకుని వీధిలోకి పరిగెత్తాడు, వెనక నుంచి ఎర్రటి బిళ్ళ కనబడుతోంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏర్పేడులో ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన ఎక్కి, ఖాళీగా ఉందని నా పక్కనే కూర్చున్నారు. నా గోళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. చేతులు రెండూ సంచి కింద పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.