థ్రెడ్డింగు మనమే చేసుకుందామా, లేతు మేస్త్రీకిద్దామా?

మన సాఫ్ట్‌వేరోళ్ళకి ఒక జబ్బుంది. ఏ పనైనా సరే, రెండు యూట్యూబ్ వీడియోలు చూడగానే "ఓస్ ఇంతేనా, మనమే చేసేసుకోవచ్చు" అనిపిస్తుంది. నేనూ ఆ బాపతే లెండి.

అమెరికాలో రైఫిళ్ళున్నవాళ్ళ మధ్య ఒక వాదన ఎప్పుడూ నడుస్తుంటుంది. బ్యారెల్ కొసకి థ్రెడ్డు సొంతంగా కోసుకోవాలా, గన్‌స్మిత్‌కి డబ్బులిచ్చి చేయించుకోవాలా అని. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారీ, రిపేరు, మార్పులు ఏవీ కుదరవు కాబట్టి మనకా గొడవ లేదు. కానీ సరిగ్గా అదే ప్రశ్న మన కృష్ణా డెల్టాలో పంపు షాఫ్టు రూపంలో వస్తుంది.

మా బాబాయిది నాగాయలంక వైపు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవ నీళ్ళు శివారుకి చేరేసరికి ఆలస్యమవుతుంది. నారుమడి బతకాలంటే ఇంజను పెట్టి తోడుకోవాల్సిందే. ఒక ఏడాది సరిగ్గా ఆ టైములోనే పంపు మొరాయించింది. షాఫ్టు చివర ఇంపెల్లర్ని పట్టి ఉంచే నట్టు దగ్గర థ్రెడ్డు అరిగిపోయింది. పాత మోడల్ కావడంతో కొత్త షాఫ్టు వెంటనే దొరకలేదు. మా తమ్ముడు (బాబాయి కొడుకు) "అన్నయ్యా, వెల్డింగు పోయించి, గ్రైండరుతో గుండ్రంగా చేసి, డై పెట్టి తిప్పేద్దాం, గంటలో పని" అన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు. షాఫ్టు గోనెసంచిలో చుట్టి నన్ను విజయవాడ ఆటోనగర్ పంపించాడు.

అక్కడ లేతు మేస్త్రీ గారు పనిచేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. థ్రెడ్డు కొయ్యడానికి పట్టింది పావుగంట. దానికి ముందు షాఫ్టుని చక్‌లో పెట్టి, డయల్ గేజి ఆనించి, కొంచెం వదులు చేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ తిప్పి చూసి... ముప్పావుగంట! ఎందుకండీ ఇంతసేపు అనడిగితే "కొయ్యడం మిషను పని బాబూ, సెంటరు పట్టడమే మన పని" అన్నారాయన.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. షాఫ్టు నిజమైన సెంటరు బేరింగులు కూర్చునే చోట ఉంటుంది. వెల్డింగు పోసిన కొసకి ఆ సెంటరుతో సంబంధం లేదు. చేత్తో డై తిప్పితే అది కొసనే నమ్ముకుని వెళ్తుంది. కొస వంకరైతే థ్రెడ్డూ వంకరే. అప్పుడు నట్టు ఒక పక్కే ఆనుతుంది, బిగించేకొద్దీ షాఫ్టుని వంచుతుంది. ఇంపెల్లర్ ఊగుతుంది, సీలు పోతుంది, బేరింగు పోతుంది. రైఫిల్ దగ్గరా ఇదే సూత్రం. మంచి గన్‌స్మిత్ బ్యారెల్ పైభాగాన్ని కాకుండా లోపలి బోరుని చూసి సెంటరు పడతాడు. తేడా వస్తే కొసకి బిగించిన సామానుకి తూటా తగులుతుంది.

ఇంకో తిరకాసు కొలతలతో. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన థ్రెడ్డు కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. అర అంగుళం విట్‌వర్త్‌కి అంగుళానికి 12 చుట్లు, అదే సైజు అమెరికన్ యూఎన్‌సీకి 13. కంటికి రెండూ ఒకటే, నట్టు మాత్రం కాస్త ఎక్కి బిగుసుకుపోతుంది. పైగా పంపు తిరిగే దిక్కుని బట్టి కొన్నిటికి ఎడమచేతి థ్రెడ్డు ఉంటుంది. అది చూసుకోకుండా కోస్తే నడుస్తుండగానే నట్టు ఊడొస్తుంది.

మరి ఎప్పుడూ మేస్త్రీ దగ్గరికే పరిగెత్తాలా? అక్కర్లేదు. ఉన్న థ్రెడ్డు కాస్త దెబ్బతింటే డైతో శుభ్రం చేసుకోవచ్చు, పాత చుట్లే దారి చూపిస్తాయి. గేటు బోల్టులాంటివి ధైర్యంగా మనమే కోసుకోవచ్చు. పాడైతే ఇంకో ముక్క దొరుకుతుంది. సరదా ఉంటే పాత రాడ్ల మీద నేర్చుకోండి, చాలా మంచి విద్య. ఇంజనీరింగ్ ఫస్టియర్ వర్క్‌షాపులో ఇనప ముక్కని ఆకురాయితో అరగదీసిన మనకి అది అవసరం కూడా :)

మన భాషలో చెప్పాలంటే, టెస్ట్ సర్వర్ మీద ఎన్ని ప్రయోగాలైనా చెయ్యొచ్చు. ప్రొడక్షన్ మీద, అదీ బ్యాకప్ లేనప్పుడు చెయ్యం కదా. ఉన్నది ఒకే షాఫ్టు, పొలంలో ఎండుతున్న నారు - ఇంతకంటే ప్రొడక్షన్ ఏముంటుంది? ఇనుముకి రోల్‌బ్యాక్ లేదు.

అలాగని ప్రతి లేతు షాపునీ కళ్ళు మూసుకుని నమ్మమనట్లేదు. షాఫ్టుతో పాటు నట్టు, ఇంపెల్లర్ కూడా పట్టుకెళ్ళండి. ఇచ్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: "సెంటరు ఎక్కణ్ణుంచి పడతారు?" బేరింగు సీటు నుంచి అంటే నిశ్చింతగా ఇచ్చి, పక్కనే టీ తాగి రండి. "అదంతా మాకొదిలెయ్యండి" అంటే మాత్రం సంచి సర్దుకుని పక్క షాపుకి వెళ్ళండి. ఆటోనగర్లో లేతులకేం కొదవ లేదు.