తొలికోడి చెప్పిన టైము

మా చిట్టమూరు వైపు యానాది ఇళ్ళల్లో గడియారం లేకపోయినా టైము తెలుసు. వేగుచుక్క పొడిచింది, తొలికోడి కూసింది, పొద్దు తాటిచెట్టెత్తు ఎక్కింది అని చెబుతారు. చదువుకున్న పిల్లలం ఆ మాటలకు నవ్వుకుంటాం. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ లెక్కే ప్రాణం పోస్తుందని మా పెదనాన్న విషయంలో చూశాను.

పక్షవాతాన్ని మనవాళ్ళు గాలి సోకిందంటారు. పావురం రక్తం పూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అసలు దెబ్బ తగిలేది మెదడుకు. అక్కడి రక్తనాళానికి గడ్డ అడ్డుపడుతుంది, లేదా నాళం చిట్లుతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లో అమెరికా పరిశోధన తేల్చింది. 2008లో యూరప్ పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. నాళం చిట్లినవాళ్ళకు అదే మందు ప్రాణం తీస్తుంది. అందుకే స్కాన్ తీయకుండా ఇవ్వరు. గంటల లెక్క మనిషి చివరిసారి బాగున్నట్టు తెలిసిన క్షణం నుంచి మొదలవుతుంది.

పెదనాన్న రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాదారు. ఒకరోజు తెలతెలవారుతుండగా చాప మీద పడివున్నాడు. మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. 108కి ఫోన్ చేశాం. బండిలో వచ్చిన తమ్ముడు రక్తపోటు, చక్కెర చూశాడు. చక్కెర బాగా పడిపోయినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయట. నోట్లో నీళ్ళు కూడా పోయనివ్వలేదు. తర్వాత, "చివరిసారి బాగా ఎప్పుడు మాట్లాడాడు?" అని అడిగాడు.

పెదమ్మ తడుముకోకుండా చెప్పింది: "తొలికోడి కూసేటప్పుడు ఇంటికొచ్చినాడు నాయనా. చేపల బుట్ట యాడ పెట్టినావని అడిగినాడు. బాగనే ఉన్నాడు."

గుంటల దగ్గర కాపలా మారేది నాలుగింటికి. ఆ తమ్ముడు చీటీ మీద నాలుగు అని రాసుకున్నాడు. స్కాన్ లేని దగ్గరి ఆసుపత్రికి పోకుండా నేరుగా నెల్లూరు దారి పట్టించి, దారిలోనే అక్కడి పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. మేం దిగేసరికి స్కాన్ గది సిద్ధంగా ఉంది. ఎనిమిది దాటకముందే ఇంజెక్షన్ పడింది. పెదమ్మ ఆ మాట చెప్పకపోతే డాక్టర్లు ముందురోజు సాయంత్రం నుంచి లెక్కపెట్టేవాళ్ళు. గడువు దాటిపోయిందని ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు పెదనాన్న నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. వల విసరడానికి మాత్రం కుడిచెయ్యి సహకరించదు.

మన రాష్ట్రంలో 108 మొదలై, 2005 ఆగస్టు 15 నుంచి లెక్కేస్తే, ఇరవై ఏళ్ళు నిండాయి. అయినా మన కాలనీల్లో దాన్ని డబ్బులడగని ఆటో లాగానే చూస్తున్నారు. ఆటో మనిషిని మాత్రమే చేరుస్తుంది. 108 మనిషితో పాటు చివరిసారి బాగున్న టైమును, రక్తపోటును, చక్కెరను మోసుకుపోతుంది, ముందుగా కబురు కూడా చేస్తుంది. ఆసుపత్రిలో చీటీ రాయించుకుని, బెంచీ మీద కూర్చుని పోగొట్టుకునే నిమిషాలు అలా మిగులుతాయి. ఈ తీరంలో దూరాన్ని మనం తగ్గించలేం. తగ్గించగలిగింది ఆ నిమిషాలే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. బడిలో ఒక్క పీరియడ్ దీనికివ్వండి. నవ్వమంటే మూతి వంకరపోతుందా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారుతుందా, మాట తడబడుతుందా అని పిల్లలు చూడగలరు. ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. మాత్రలు, కషాయాలు, నీళ్ళు ఏవీ నోట్లో వేయకూడదు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాడే మందుల చీటీ వెంట పంపాలి.

యువతకు ఇంకో పని ఉంది. అవ్వ తొలికోడి అంటే దాన్ని గంటల్లోకి మార్చి చెప్పగలిగేది మీరే. బండి వచ్చేలోగా ఆమె పక్కన కూర్చుని అడగండి. ఆమె చెప్పింది కాగితం మీద రాసి, బండిలో వచ్చినవాళ్ళ చేతికివ్వండి.