గోడపత్రిక: కొన్ని అనుభవాలు

కిందటి నెల కొత్తగూడెం కాలేజీ విద్యార్థులు నలుగురు మా ఇంటికి వచ్చారు. తామొక సాహిత్య పత్రిక పెట్టదలిచారట. దాన్ని ఎట్లా నిలబెట్టాలో చెప్పమన్నారు. ఎట్లా పెట్టాలో అడగలేదు, అందుకు సంతోషించాను. పత్రిక పెట్టడం మనవాళ్ళకు తెలియని విద్య కాదు. మొదటి సంచికలో లోకాన్ని మారుస్తామంటాం, రెండవ సంచికలో చందాలు పంపమంటాం, మూడవ సంచిక రాదు.

ఆ పూట వారికి చెప్పింది కొంత, చెప్పలేకపోయింది కొంత ఇక్కడ వ్రాస్తున్నాను. 1984 నుంచి 1996 వరకు మా కార్మికవాడ పఠనాలయంలో ఒక గోడపత్రిక నడిచింది. నడిచింది అంటున్నాను గాని, మధ్యలో ఒక ఏడాది నడవలేదు. ఆ ఏడాది అది ఆగిపోవడానికి కారకుణ్ణి నేనే. ఆ సంగతి దాచిపెట్టి సలహాలు చెప్పడం న్యాయం కాదు.

ఈ ప్రాంతం తెలియనివారికి ఒక మాట. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం మా కొత్తగూడెంలోనే ఉన్నది. ఇటువంటి ఊళ్ళో మనిషి తీరిక షిఫ్టు చేతిలో ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు సాహిత్య సభ అని మేము ఉత్సాహంగా ప్రకటించేవాళ్ళం. ఆ వేళకు రెండవ షిఫ్టువారు భూమిలోపల ఉంటారు. నైట్ షిఫ్టువారు పనికి వెళ్ళేముందు కాస్త కునుకు తీస్తుంటారు. సభకు వచ్చేవాళ్ళం మా పంతుళ్ళమే. కార్మికులకు సాహిత్యంమీద ఆసక్తి లేదని మేమే తీర్మానించి ఇళ్ళకు పోయేవాళ్ళం.

గోడపత్రికకు ఆ చిక్కు లేదు. అది పాఠకునికోసం కాచుకుని ఉంటుంది. ఒక డ్రాయింగ్ షీటుమీద ఇండియన్ ఇంకుతో వ్రాసి, పఠనాలయం వసారాలో అంటించేవాళ్ళం. మొదట్లో వారానికొకటి పెట్టాం. అది తప్పని తరువాత తెలిసింది. షిఫ్టులు వారం వారం మారతాయి. ఒక సంచిక మూడు వారాలు గోడమీద ఉంటేగాని అందరికీ తీరికగా నిలబడి చదివే వారం రాదు. అంచేత నెలకొకటి చేశాం. పత్రిక ఎన్నాళ్ళకొకసారి రావాలన్నది సంపాదకుని ఉత్సాహాన్ని బట్టి తేల్చే విషయం కాదు. పాఠకుని దినచర్యను బట్టి తేల్చాలి.

షీటు కింద ఒక నోటుబుక్కు, పురికొసకు కట్టిన పెన్సిలు ఉండేవి. రెండు నెలలు ఎవరూ ఏమీ వ్రాయలేదు. మూడవ నెలలో నేనొక కథ వ్రాశాను. అందులో కథానాయకుడు గనిలో కూర్చుని బీడీ ముట్టించి ఆలోచనలో పడతాడు. మర్నాడు నోటుబుక్కులో ఇట్లా ఉన్నది: "సారూ, బాయిలకు అగ్గిపెట్టె తీస్కపోనియ్యరు. మీవోడు ముట్టిస్తే మేమందరం సస్తం." సంతకం లేదు. నేను సిగ్గుపడ్డాను, కాని అంతకంటె ఎక్కువ సంతోషించాను. మా పత్రికకు దొరికిన మొదటి విమర్శకుడతను. వచ్చే సంచికలో తప్పు ఒప్పుకుని, ఆ విమర్శ వ్రాసినవారు బాయి సంగతి తామే వ్రాయవలసిందని కోరాను.

అతను వచ్చాడు. బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపే కోల్‌ఫిల్లరు. బాయిలోకి మొదటిసారి దిగిన రోజు గురించి రెండు పేజీలు వ్రాసి తెచ్చాడు. ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. అతను "బాయి" అన్నచోటల్లా "గని" అని దిద్దాను. "దిగిన" అన్నదాన్ని "దిగాను" చేశాను. అతని వ్రాత చీకట్లో ముగిసింది. అది చాలలేదని చివర ఎర్రని సూర్యోదయం ఒకటి చేర్చాను. పైన అతని పేరు అందంగా వ్రాశాను.

అతను గోడముందు నిలబడి పూర్తిగా చదివాడు. "మంచిగున్నది సారూ. గాని ఇది నేను రాసింది గాదు. నా పేరు తీసెయ్యిండ్రి" అన్నాడు.

కృతజ్ఞత లేని మనిషి అనుకున్నాను. తరువాత అతనూ వ్రాయలేదు, అతని షిఫ్టువారూ వ్రాయలేదు. నోటుబుక్కులో పేజీలు తెల్లగానే ఉన్నాయి. నాలుగు నెలలు నేనే నాలుగు కలం పేర్లతో షీటు నింపాను. అలసిపోయి 1985 చివర మానేశాను. ఏడాదిపాటు ఆ గోడ ఖాళీగా ఉన్నది. పత్రిక ఏమయిందని ఒక్కరూ అడగలేదు. దిద్దినందుకంటె ఆ అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. అది నా పత్రిక అయిపోయింది గనుక, నా ఓపికతోపాటే ముగిసింది.

ఆ ఏడాదిలో "బాయి" అన్న మాట గురించి ఆలోచించాను. సేద్యం చేసుకుని బతికినవాడికి భూమిలోకి దిగడమంటే తెలిసింది బావి. భూమి పోయి, అప్పు మిగిలి ఇక్కడికి వచ్చినవాడు ఈ కొత్త చీకటిని కూడ ఆ పాత మాటతోనే కొలుచుకున్నాడు. రైతు కార్మికుడైన చరిత్ర ఆ రెండక్షరాల్లో ఉన్నది. నేను భాష దిద్దుతున్నాననుకుని ఆ చరిత్రను కొట్టివేశాను.

మన ముందువారు ఇంతకంటె వివేకంగా నడుచుకున్నారు. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు అందులో కనిపించారు. వారు ఆ సంచికకోసం పుట్టినవారు కాదు. అడిగినవారు లేక కనిపించనివారు. గోర్కీ 1906 నుంచి 1910 వరకు సామాన్య జనం వ్రాసి పంపిన రాతప్రతులు నాలుగు వందలకు పైగా చదివి, ఆ అనుభవంమీద 1911లో వ్యాసం వ్రాశాడు. అంత పని ఉన్నవాడికి చదవడానికి తీరిక దొరికింది. ఒక షీటు నడిపే నాకు దిద్దడానికి మాత్రమే దొరికింది.

అతని అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. 1986 చివర వాటిని తీసుకుని వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. ఉన్నదున్నట్టు వేస్తానన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత చాయ్ తెప్పించాడు. ఆ సంచిక అతని వ్రాతతోనే మళ్ళీ మొదలయింది.

ఆ తరువాత మేము పెట్టుకున్న కట్టుబాట్లు చెపుతాను. పత్రిక పరిమాణం మనకు చేతకాని నెలలో కూడ చేయగలిగినంతే ఉండాలి. తేదీ తప్పకూడదు, వ్రాతలు చాలకపోతే సగం షీటు ఖాళీగానే అంటించాలి. ఆ ఖాళీ చూసి వ్రాసినవారు మాకు చాలమంది ఉన్నారు. నోటుబుక్కులో పడిన ప్రతి మాటకు, తిట్టుకు కూడ, జవాబు ఇవ్వాలి. వ్రాసినవాడు పక్కన కూర్చోకుండా ఒక్క అక్షరం దిద్దకూడదు. డబ్బు ఒకరి దగ్గర వంద తీసుకోకుండా, వందమంది దగ్గర రూపాయి తీసుకోవాలి. లెక్క షీటు పక్కనే అంటించాలి. అన్నిటికంటె ముఖ్యం, సంపాదకుడు మొదటి రోజునుంచే మరొకరికి పని నేర్పాలి.

నేర్పడం మంచిదయింది. 1990లో నాకు ఇల్లెందుకు బదిలీ అయింది. రెండేళ్ళ తరువాత తిరిగి వచ్చేసరికి పత్రిక నడుస్తూనే ఉన్నది. ఆ కోల్‌ఫిల్లరే సంపాదకుడు. నేనొక కథ ఇచ్చాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివి, "సారూ, ఆఖరు పేరా లేకున్నా అర్థమైతది గదా" అన్నాడు. మళ్ళీ చదువుకుని చూశాను. నిజమే. నా చేత్తోనే కొట్టివేశాను.

1996 నాటికి వ్రాసేవారిలో చాలమంది మనుగూరుకూ గోదావరిఖనికీ వెళ్ళిపోయారు. పత్రిక ఆగింది. ఈసారి మాత్రం, వచ్చే నెల షీటు ఎప్పుడని చాలమంది మా ఇంటికి వచ్చి అడిగారు.

విద్యార్థులు వెళ్ళేటప్పుడు మొదటి సంచికకు సందేశం వ్రాసిమ్మన్నారు. సందేశం వద్దు, పెన్సిలు ఎక్కడ కట్టబోతున్నారో చెప్పమన్నాను. ఆలోచించుకుని వస్తామన్నారు.