మధురపూడిలో మడత నలగదు!

కారు ఆగుతుంది. డ్రైవరు డిక్కీ తెరిచి పెట్టెలు దించుతుంటాడు. కారు దిగిన పెద్దాయన మాత్రం వాటివంక చూడనైనా చూడడు. ముందు పంచె కుచ్చిళ్లు సరిచేసుకుంటాడు. భుజం మీది కండువాను రెండు వేళ్లతో లాగి, జరీ అంచు పైకి కనిపించేలా వేసుకుంటాడు. కిర్రు చెప్పుల మీది దుమ్ము దులుపుకుంటాడు. ఆ తరువాతే... టికెట్టు ఎవరి దగ్గరుందని అడుగుతాడు!

రాజమహేంద్రవరం విమానాశ్రయం ముందు ఓ అరగంట నిలబడితే ఇలాంటి దృశ్యాలు బోలెడు. ఎక్కేది ఒక్కరే అయినా సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. ఎదురింటివాళ్లు కూడా కారులో చోటు చూసుకుంటారు. అంతమంది చూస్తుంటే నలిగిన చొక్కాతో లోపలికి వెళ్లడమే! గోదావరి మనిషి వల్ల అయ్యే పనేనా?

తెలుపు మీద తెలుపు ఇక్కడి మగవాళ్ల దర్జా. గంజి పెట్టాలి, చిటికెడు నీలిమందు పడాలి, ఇస్త్రీ మడత కత్తి అంచులా నిలబడాలి. పెళ్లికైనా, పంచాయతీకైనా, సంక్రాంతికి భీమవరం పందేలకైనా అదే వేషం. రైలు ప్రయాణానికి మాత్రం ఈ హంగు ఎప్పుడూ లేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటిందంటే పెద్దా చిన్నా అందరూ లుంగీల్లోకి మారిపోవాల్సిందే. ఇస్త్రీ బట్టలు కొక్కేనికి వేలాడుతూ నిద్రపోతాయి. తెల్లవారి హైదరాబాద్ వస్తోందనగా మళ్లీ ఒంటి మీదికి వస్తాయి. విమానంలో ఆ సౌకర్యం లేదు. ఇంట్లో కట్టింది కట్టినట్టే దిగాలి. అదృష్టమేమిటంటే, హైదరాబాద్‌కు ప్రయాణం గంట సేపే. గంజి మడత అంతసేపు నిలుస్తుంది.

కోరుకొండ మండలంలోని మధురపూడి విమానాశ్రయం కొత్తదేమీ కాదు. ఒకప్పుడు వాయుదూత్ విమానాలు వచ్చేవి. ఆ సంస్థే 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2012లో టెర్మినల్ కట్టారు. తరువాత రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. దాంతో పెద్ద విమానాలకు దారి దొరికింది. 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీలకు నేరుగా సర్వీసులు మొదలయ్యాయి. ఢిల్లీ వెళ్లాలంటే ముందు హైదరాబాదో విశాఖో చేరుకోవాల్సిన రోజులు చూసినవాళ్లకు ఇది మామూలు సంగతి కాదు.

అయినా ఇక్కడివాళ్లకు బాగా అలవాటైంది ఏటీఆర్ విమానమే. 78 మంది పట్టే చిన్న విమానం. వెనుక తలుపు నుంచి ఎక్కాలి. నాలుగు మెట్లే కానీ, అడ్డపంచె కట్టినవాళ్లకు అక్కడే పరీక్ష. చుట్టూ బయలు కావడంతో గాలి ఈడ్చి కొడుతుంది. ఒక చేతిలో బ్యాగు, మరో చేతిలో పంచె అంచు. మరి కండువాను పట్టుకునేదెవరు? గోచీ పోసి కట్టినవాళ్లు మాత్రం పందెం గెలిచినట్టు టకటకా ఎక్కేస్తారు. ఈ చిక్కు లేకుండా నడుము దగ్గర అతుక్కునే పంచెలు బజారులోకి వచ్చాయి. జేబు కూడా ఉంటుంది. ముడి వేయడం తెలియని కుర్రాళ్లకు అవి వరమే. పాతకాపులు మాత్రం వాటిని పంచె జాతిలో చేర్చుకోరు.

అంతకుముందే సెక్యూరిటీ చెక్ అనే ఘట్టం ఒకటుంది. ప్యాంటు వేసుకున్నవాళ్లు బెల్టు విప్పి ట్రేలో పెట్టి, జారే ప్యాంటును చేత్తో పట్టుకుని నిలబడతారు. పంచెకు బెల్టు లేదు కదా, హాయిగా నడిచిపోవచ్చు అనుకుంటే పొరపాటే. లోపల వెండి మొలతాడు ఉంటుంది! మెటల్ డిటెక్టర్ కూతపెడుతుంది. వేళ్లకు నాలుగు ఉంగరాలు, చేతికి కడియం ఉంటే చెప్పనే అక్కర్లేదు. మొలతాడు సంగతి నలుగురిలో చెప్పడానికి పెద్దాయన మొహమాటపడతాడు. రోజూ చూసేదే కాబట్టి సిబ్బంది నవ్వుకుని ఊరుకుంటారు.

నిజానికి సౌఖ్యం మాటకొస్తే విమానానికి పంచెను మించింది లేదు. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది. కడుపులో గాలి వ్యాకోచించి పొట్ట బిగుస్తుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. బిగుతు జీన్సు, కొత్త బూట్లు వేసుకున్నవాళ్ల తిప్పలు అప్పుడు చూడాలి. వదులు లాల్చీ, నూలు పంచె, కాలికి చెప్పులు... అమెరికా వెళ్లేంత దూరమైనా ఒంటిని ఇబ్బంది పెట్టవు. ఏసీ చలికి కండువా ఎలాగూ ఉంది. కాళ్ల వాపు రాకుండా డాక్టర్లు చెప్పే బిగుతు మేజోళ్లు పంచె కింద ఎవరికీ కనిపించవు కూడా. లినెన్ చొక్కా మాత్రం అందంగా ఉంటుందే తప్ప సీటు బెల్టు కింద చిత్తుకాగితమవుతుంది. ఒళ్లో తాపేశ్వరం కాజాల పొట్లం పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. పాకం మరక గంజి బట్టను వదలదు.

ఇంత చక్కటి బట్టను విడిచి ప్యాంటులోకి మారమని చెప్పేది ఎవరో తెలుసా? విమాన సంస్థలు కాదు. కన్నకొడుకులే!

డెల్టాలో చాలా ఇళ్లలో జరిగేదే ఇది. అబ్బాయి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. అమ్మానాన్నలకు వీసా వస్తుంది. నాన్నగారూ, ప్యాంట్లు కుట్టించుకోండి, అక్కడ పంచె బాగోదండి అని ఫోను వస్తుంది. అరవై అయిదేళ్లు పంచెలోనే పొలం చూసి, పెళ్లిళ్లు చేసి, పదిమందికీ తీర్పులు చెప్పిన మనిషి... రాజమండ్రి తాడితోట బజారులో గుడ్డ కొని దర్జీ ముందు బెరుకుగా నిలబడతాడు. నడుము కొలత ఇస్తాడు. ఎక్కడ కట్టుకుంటారండీ, బొడ్డు పైనా కిందా అంటే సమాధానం తోచదు. విమానంలో పదిహేను గంటలూ ఆ బెల్టు పొట్టను కోస్తుంటే, చొక్కా టక్ చేయాలా వద్దా అని పక్కవాళ్లను చూసి నేర్చుకుంటాడు.

కొడుకుదీ పూర్తిగా తప్పనలేం. ఇమ్మిగ్రేషన్ క్యూలో నాన్నను ఎవరైనా వింతగా చూస్తారేమోనని వాడి బెంగ. డిసెంబరు మంచులో పంచెతో నడవలేరన్నదీ నిజమే. చలికి ప్యాంటు వేసుకుంటే సరే. కానీ సిగ్గుకు ఎందుకు వేసుకోవాలి? 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపింది. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలు చెల్లవని చట్టం చేసింది. 2024 జులైలో బెంగళూరులో ఒక మాల్ పంచె కట్టిన రైతును వెనక్కి పంపబోయింది. ఆ మాల్‌ను వారం రోజులు మూయించారు. మధురపూడిలో అలాంటి గుమ్మం లేదు. అక్కడ ఆపేది మొలతాడు ఒక్కటే!

సంక్రాంతికి ఇదంతా తిరగబడుతుంది. హుడీలు, స్నీకర్లతో దిగిన అబ్బాయిలు భోగి మంటల వేళకు పట్టుపంచెల్లో ప్రత్యక్షమవుతారు. కట్టడం రాక నాన్న దగ్గరికే వస్తారు. కుచ్చిళ్లు ఎన్ని పెట్టాలో, గోచీ ఎక్కడ దోపాలో ఆయనే చూపిస్తాడు. అమెరికా కోసం కుట్టించిన రెండు ప్యాంట్లూ అప్పటికి బీరువా అడుగున నాఫ్తలీన్ ఉండల మధ్య మడతపెట్టి ఉంటాయి.