అశోక్‌నగర్ కాంటెస్సా

మజిల్ కార్ అనగానే మన బ్యాచ్‌లో అందరికీ ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్‌లోని డాడ్జ్ చార్జరే గుర్తొస్తుంది. నాకు మాత్రం మా పెదనాన్న కాంటెస్సా గుర్తొస్తుంది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఒక పాత ఇంటి గేటు బయట, కవర్ కింద ఉంటుంది. గ్రూప్స్‌కి చదివేవాళ్లు దాని బానెట్ మీద టీ గ్లాసులు పెడతారని పెదనాన్నకి రోజూ లొల్లే.

మధ్య సైజు కారులో పెద్ద కారు ఇంజిన్ పెట్టి, కుర్రాళ్లు కొనగలిగే రేటుకి అమ్మితే అది మజిల్ కార్. 1964 మోడల్ పాంటియాక్ జీటీఓతో ఈ పిచ్చి మొదలైందని చాలామంది అంటారు. జనరల్ మోటార్స్‌లో మధ్య సైజు కార్లకి 5.4 లీటర్లకి మించిన ఇంజిన్ పెట్టకూడదని రూల్ ఉండేది. పాంటియాక్ వాళ్లు జీటీఓని వేరే కారుగా కాకుండా, టెంపెస్ట్ అనే కారుకి ఆప్షన్ ప్యాకేజీగా చూపించి రూల్ తప్పించుకున్నారు. 6.4 లీటర్ల వీ8, 325 హార్స్‌పవర్. కోడ్‌లో లూప్‌హోల్స్ వెతికే మనకి ఈ కథ నచ్చకుండా ఉంటుందా? తర్వాత ఇన్సూరెన్స్ రేట్లు, పొగ మీద చట్టాలు, 1973 ఆయిల్ సంక్షోభం కలిసి పదేళ్లలోనే ఆ ఆట ముగించాయి.

కాంటెస్సా 1984లో వచ్చింది. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లదే. డిజైన్ మాత్రం బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ ఆపేసిన వీఎక్స్ మోడల్‌ది. ఆ వాక్స్‌హాల్ అప్పట్లో జనరల్ మోటార్స్‌దే. అంటే పాంటియాక్‌కి మన కాంటెస్సా దూరపు చుట్టం. పొడుగు బానెట్, వెడల్పు ముందుభాగం చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. కానీ మొదట్లో లోపల పెట్టింది అంబాసిడర్ ఇంజినే. 1489 సీసీ, సుమారు 50 హార్స్‌పవర్. గేమింగ్ కేబినెట్‌లో ఆఫీస్ ప్రాసెసర్ అన్నమాట. ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్, ఐదు గేర్లతో కాంటెస్సా క్లాసిక్ వచ్చాక గానీ 88 దాకా రాలేదు. పెదనాన్నది ఆ క్లాసికే, 1993 మోడల్.

ఒకరోజు లెక్కేసి, "పెదనాన్నా, నీ కారు జీటీఓలో పావు వంతు" అన్నాను. "ఇంజిన్ ఎంతుందో గూడ చూడరాదురా" అన్నారు. లీటరుకి చూస్తే జీటీఓకి 51, కాంటెస్సాకి 48! పైగా అప్పటి అమెరికా అంకెలు ఇంజిన్‌ని కారులోంచి బయట పెట్టి, సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచినవి. బెంచ్‌మార్క్ చూసేటప్పుడు టెస్ట్ కండిషన్లు కూడా చూడాలి కదా.

ఇప్పుడు సమస్య పవర్ కాదు, పార్కింగ్. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు, దసరా లోపు ఖాళీ చేయాలి. అన్నయ్య అమెరికా నుంచి ఫోన్ చేసి "అమ్మేయండి నాన్నా" అంటున్నాడు. స్క్రాప్ వాళ్లు బరువు లెక్కన రేటు చెప్పారు. ఇంకొకాయన మంచి రేటే ఇస్తానన్నాడు గానీ, ముందుభాగం కోయించి మస్టాంగ్‌లా చేయిస్తాడట. అలా చేయించిన కార్ల ఫోటోలు చూపించాడు. నిజం చెప్పాలంటే మస్త్ ఉన్నాయి. పెదనాన్న చూసి, "బాగుంది. కానీ మనది గాదు" అన్నారు.

మా పెద్దమ్మని డయాలిసిస్‌కి వారానికి మూడుసార్లు ఈ కారులోనే తీసుకెళ్లేవారు. వెనక సీటు వెడల్పు, ఆవిడ పడుకునేది. స్పీడ్ బ్రేకర్ దగ్గర కుదుపు తెలియకూడదని నారాయణగూడ మెకానిక్ దగ్గర సస్పెన్షన్ అంతా మార్పించారు. పెద్దమ్మ పోయి నాలుగేళ్లైంది. నా దృష్టిలో ఆ కారు పర్ఫార్మెన్స్ అంటే అదీ. దానికి మస్టాంగ్ మొహం పెడితే పెద్దమ్మ కూర్చున్న కారు ఇక ఉండదు.

ఆ మెకానిక్ షెడ్‌లోనే నెలకి ఇంతని అద్దె ఇచ్చి పెడదాం అన్నాను. పెదనాన్న ఇంకా ఏమీ తేల్చలేదు. ఈలోపు ఆదివారం పొద్దున్నే, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఖాళీగా ఉన్నప్పుడు నాకు డ్రైవింగ్ నేర్పిస్తున్నారు. ఇంజిన్ చల్లగా ఉంటే చోక్ లాగాలి, కాసేపు ఆగాలి. "తొందరపడితే బంద్ అయితది" అంటారు. పెదనాన్న ఒప్పుకుంటే మన ఫెస్ట్‌కి తెస్తాను. వచ్చి చూడండి. బానెట్ మీద మాత్రం టీ గ్లాసు పెట్టకండి.