ఎడమకాలి ఆట

పారిశ్రామికవాడలోని కర్మాగారముల నుండి షిఫ్టు ముగించుకొని వచ్చు కార్మికులు, హబ్సిగూడ వైపు నుండి ట్యూషను ముగించుకొని వచ్చు విద్యార్థులు, నెలకొకమారు పెన్షను పుచ్చుకొనుట తప్ప వేరు వ్యాపకము లేని నావంటి వృద్ధులు, నాచారములో మా వీధి మలుపుననున్న చాయ్ బండి చుట్టును ప్రతి సాయంకాలము చేరి, లోకమునందలి సమస్త వ్యవహారములను అవతలకు నెట్టి, ఉప్పలులో మన జట్టు బ్యాటు ఏల పలుకుట లేదను ఒక్క ప్రశ్నను పట్టుకొని, గ్లాసులోని చాయ్ చల్లారి మీగడ కట్టువరకు తర్కించుచుందురు. క్రికెట్టు మైదానమున్న ఉప్పలు మాకు పొరుగు. సిక్సరు పోయినపుడు లేచు కేక గాలివాటము బాగున్నచో నాచారము దాక వినవచ్చునని మావారిలో ఒకడు ప్రమాణపూర్వకముగా చెప్పును. నేను నమ్మను, కాని ఖండింపను.

ఈ తర్కమునకు మూలము దారిద్ర్యము కాదు, ఐశ్వర్యము. 2024 మార్చి 27న, ఐపీఎల్ పోటీలలో, ఇదే ఉప్పలులో మన జట్టైన సన్‌రైజర్సు ముంబయిపై 277 పరుగులు చేసిరి. పందొమ్మిది దినములకే బెంగళూరులో 287 చేసిరి. మే 8న మరల ఉప్పలులోనే లక్నోవారు నిలిపిన 166 పరుగుల లక్ష్యమును, ఒక్క వికెట్టైనను కోల్పోక, 9.4 ఓవర్లలో ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఇరువురే దాటించిరి. ఆ రాత్రి టిక్కెట్టు కొని వెళ్ళినవారు మెట్రో స్టేషనులో నిలిచి, ఆట ఇంత శీఘ్రముగా ముగిసినందులకు సంతోషింపవలెనో, పెట్టిన సొమ్మునకు సగము ఆటయే చూచితిమని విచారింపవలెనో తెలియక తికమకపడిరి. ఆ సంవత్సరమే చెన్నపట్టణమున జరిగిన అంతిమ పోటీలో మనవారు 113 పరుగులకే కుప్పకూలగా, కోల్‌కతావారు దానిని 10.3 ఓవర్లలో ముగించిరి. కాని ఐశ్వర్యము ననుభవించినవానికి అప్పు జ్ఞాపకముండదు గదా! 2025 మార్చి 23న రాజస్థాన్‌పై మరల 286. ఇషాన్ కిషన్ 47 బంతులలో 106. ఇక 300 దాటుట ఎన్నడన్నదే ప్రశ్న. ఒకప్పుడు మన జట్టునకే బంతి వేసిన డేల్ స్టెయిన్, ఆ ముహూర్తము ఏప్రిల్ 17 అని జోస్యము గూడ చెప్పెను. ఆ తేదీని మా చాయ్‌వాడు బండి రేకుపై సుద్దతో వ్రాసి ఉంచెను.

అటుపై జరిగినది 190, 163, 120, 152. నాలుగు ఆటలు, నాలుగు పరాజయములు.

వాదమున మొదటి పక్షము కాషాయరంగు జెర్సీ విడువని ఇంజనీరింగు విద్యార్థిది. "పిచ్ మారింది అన్నా. పోయినేడు బంతి బ్యాటు మీదికి ఉరుక్కుంట వస్తుండె, ఇప్పుడు ఆగి ఆగి వస్తుంది. గంతే." వాడు చెప్పినదానిలో సత్యము లేకపోలేదు, ఎదిరి బౌలర్లు వేగము తగ్గించి, బంతిని చేతికందని దూరమున వేయ నేర్చిరి. కాని కర్మాగారమున లేతు యంత్రముపై పనిచేయు మధ్యవయస్కుడు దీనిని అంగీకరింపలేదు. "పిచ్ గాదు తమ్మీ. మెత్తటి ఇనుముకు ఒక స్పీడు, గట్టిదానికి ఒక స్పీడు ఉంటది. అన్నిటికి ఒక్కటే స్పీడు పెట్టినవనుకో, టూలు మాడిపోతది." ఉప్పలు రింగురోడ్డులో ఆటో నడుపు మూడవవాని ఉపమానము ఇంకను దగ్గరిది. ఏండ్ల తరబడి స్తంభములు మాత్రమే నిలిచి, పైన దారి లేక, వరంగల్లు రహదారి పొడుగునను ఆకాశమునకు చేతులు చాచి యున్న మా వంతెనను తలచుకొని, "మన టీము ఉప్పల్ ఫ్లైఓవర్ లెక్కుంది సారూ. ముంగట పిల్లర్లు మంచిగనే లేచినయ్, మీద రోడ్డేది?" అనెను. "క్లాసెన్ లేడా?" అని విద్యార్థి. "ఒక్క పిల్లర్ మీద రోడ్డు నిలుస్తదా మరి?"

ఏప్రిల్ 6 నాటి 152 ను గూర్చి మాత్రము ఎవ్వరును గట్టిగా మాటాడలేదు. ఆనాడు గుజరాతు పక్షమున 17 పరుగులకు 4 వికెట్లు తీసి మనలను కూల్చినవాడు మహమ్మద్ సిరాజ్. ఈ నగరపు వీథులలో టెన్నిస్ బంతితో ఆడి, ఆటో నడిపిన తండ్రి కష్టమున పైకి వచ్చిన మన బిడ్డ. మనవాడు మనలను ఓడించినపుడు చప్పట్లు కొట్టవలెనా వలదా యనుట ధర్మశాస్త్రములలో ఎక్కడను లేదు. మా ఆటో సోదరుడు మాత్రము ఆ రాత్రి తనకు తోచిన తీర్పు తానే చెప్పుకొని, చాయ్‌తో పాటు అందరికిని ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించెను.

మరల ఏప్రిల్ 12న పంజాబువారు 245 చేయగా, అంతకుముందు ఐదు ఇన్నింగ్సులలో కలిపి 51 పరుగులు మాత్రమే చేసియుండిన అభిషేక్ శర్మ, 55 బంతులలో 141 కొట్టి, జేబులోనుండి ఆ విజయము అభిమానులకే అంకితమని వ్రాసిన చీటీ తీసి చూపెను. ఆ మరునాడు మా బండి కడ నిశ్శబ్దము. గెలిచిన దినమున చాయ్ తక్కువ చెల్లునని చాయ్‌వాడు విచారముతో చెప్పెను. కారణములు వెదకనక్కరలేని చోట మనుష్యులు ఎక్కువసేపు నిలువరు. కాని వాని వ్యాపారము త్వరలోనే చక్కబడెను. జోస్యము చెప్పబడిన ఏప్రిల్ 17న, వాంఖెడే మైదానమున, మనవారి మొత్తము 162. రేకుపై సుద్దవ్రాతను చాయ్‌వాడు తడిగుడ్డతో తుడిచివేసెను.

ఏప్రిల్ 23 నాడు నేనును ఉప్పలు పోయి యుంటిని. ముందునాడు పహల్గాములో ఉగ్రవాదులు జరిపిన ఘోరమునకు సంతాపసూచకముగా బాణసంచా లేదు, నాట్యము లేదు. ఆటగాండ్రు చేతులకు నల్లపట్టీలు కట్టుకొని ఒక నిమిషము మౌనముగా నిలిచిరి. పిమ్మట మనవారు 13 పరుగులకు 4 వికెట్లు, 35కు 5. ఇషాన్ కిషన్, బ్యాటునకు బంతి తగులకున్నను, ఎదిరివారు గట్టిగా అడుగకున్నను, తానే బయలుదేరి పోయెను. అంపైరు వ్రేలు అనుమానముతో లేచెను. "అడిగినోడు లేడు, ఇచ్చినోడు లేడు, వీడెందుకు పాయె?" అని నా వెనుకనున్న బాలుడు వాపోయెను. అంతట క్లాసెన్, అభినవ్ మనోహర్ కలిసి, ఒక్కొక్క పరుగును ఏరుకొనుచు, 99 పరుగులు జోడించిరి, మొత్తము 143. చాలలేదు. వారు ఒక్క పరుగు తీసినప్పుడెల్ల మా వరుసలో అందరును నాలుక చప్పరించితిమి. నేనును చప్పరించితిని.

మరునాటి సాయంకాలపు వాదమున 35కు 5 అన్న మాట నూరుమార్లు వినబడెను. ఆ 99 పరుగులు ఒక్కనోటనైనను రాలేదు. అప్పుడు, అంతవరకు మాటాడక కూర్చుండిన వృద్ధుడొకడు, మేమందరము చాచా యని పిలుచువాడు, సాసరులో పోసికొన్న చాయ్ ముగించి, "రహీం సాబ్ ఉంటే వీళ్ళ కుడికాలు కట్టేసేటోడు" అనెను. కుర్రవాండ్రు నవ్విరి. రహీం ఎవరని ఒకడు అడిగెను. చాచా నావంక చూచెను, చెప్పుట నావంతైనది.

సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరమున బడిపంతులు. 1950 మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పు తెచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టును తీర్చినవాడు; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతదేశమును నాల్గవస్థానమున నిలిపినవాడు. ఆటగాండ్రకు బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమము విధించి, ఆయన ప్రత్యేకముగా పోటీలు జరిపించెడివాడు. కుడికాలు గట్టిదైనవాడు ఆ దినము ఎడమకాలితోనే తడబడవలెను, ఎడమకాలితోనే గోలు వేయవలెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునప్పటికి ఆయన దేహమును క్యాన్సరు తినుచుండెను. అక్కడ రక్షణపంక్తిలో ఆడు జర్నైల్ సింగునకు తల పగిలి కుట్లు పడగా, అతనిని కూర్చుండబెట్టుటకు మారుగా ఆయన దాడిపంక్తి నడుమకు పంపెను. కొరియాతో జరిగిన అంతిమ పోటీలో భారతదేశము వేసిన రెండు గోలులలో ఒకటి ఆ కుట్లు పడిన తలవానిదే. స్వర్ణపతకము వచ్చెను. మరుసటి సంవత్సరమే రహీం గతించెను. ఈ మాటలు నేను చెప్పుచుండగా చాచా, తన తండ్రి చెప్పగా విన్నవి గాబోలు, కొన్ని పేర్లు తనలో తాను గొణుగుకొనుచుండెను.

లేతు పనివాడు తొడ చరచి, "నేను చెప్పింది గదే గదా!" అనెను. విద్యార్థి మాత్రము పిచ్ మాట విడువలేదు. నాకు తోచినది వేరు. మన జట్టు కుడికాలు బహుగట్టిది, దానిని కాదనువాడు ఉప్పలులో బ్రతుకలేడు. కాని ఎడమకాలితో తన్నిన దినమున చూచువారము మనమును నాలుక చప్పరించితిమి గదా, వారికి ఆ కాలు ఎట్లు సాగును? ఈ మాట పైకి అందునా మానుదునా యని తటపటాయించి, చాయ్ డబ్బులు ఇచ్చి ఇంటికి పోతిని.

మే 5న దైవము ఒక చమత్కారము చేసెను. ఉప్పలులో ఢిల్లీవారిని ప్యాట్ కమిన్సు బృందము 29 పరుగులకు 5 వికెట్లుగా కూల్చి, తుదకు 133 వద్ద కట్టివేసెను. ఇక మనవారి బ్యాటింగు. సరిగ్గా అప్పుడు వాన. నేల చెరువాయెను, ఆట రద్దు, చెరియొక పాయింటు, ఆ పాయింటుతో మన ఆశయు సమాప్తము. బ్యాటు పట్టకయే మన జట్టు పోటీనుండి తొలగెను.

ఆ రాత్రి తార్పాలిను క్రింద, నలుగురము ఒకరినొకరము ఒరసికొని నిలిచితిమి. "134 గదా, ఎనిమిది ఓవర్లల కొట్టి పడేస్తుండె" అని విద్యార్థి. "తొంభైకి ఆలౌటైతుండె, ఆగి ఆగి వచ్చే పిచ్ అంటివి గదా నువ్వే!" అని లేతు పనివాడు. చాయ్‌వాడు పొయ్యి ఆర్పి, గ్లాసులు కడిగి, రేపు రండని దండము పెట్టెను. ఇరువురికిని ఒక్కటే గొడుగు. మల్లాపూరు వైపు నడచిరి. వానచప్పుడులో మాటలు తెలియలేదు. చాలదూరము వరకు ఎనిమిది యనియు తొంభై యనియు మాత్రము వినబడుచుండెను.