మా ఇంట్లో పేకాట

ప్రతి నెలా మొదటి శనివారం రాత్రి మా ఇంట్లో పేకాట. ఈ మాట మొదటిసారి బయటికి అన్నప్పుడు మా మరిది నవ్వి, "మీరా వదినా?" అన్నాడు. అతనూ ఆడతాడు. అతన్నెవరూ అలా అడగలేదు.

మేం ఆరుగురం. ఇద్దరం రిటైరైన లెక్చరర్లం. ఒకామె బ్యాంకు ఉద్యోగి, ఒకామె నర్సు, ఒకామె కథలు రాస్తుంది, ఇంకొకామె ముగ్గురు పిల్లల్ని పెంచి ఇప్పుడు మనవల్ని పెంచుతోంది. హైదరాబాదులో తలో మూలా ఉంటాం. రెండు పేకలు కలిపి, మనిషికి 13 ముక్కలు పంచుకుని రమ్మీ ఆడతాం. ఫుల్ కౌంటు 80. పందెం చింతపిక్కలు.

చింతపిక్కలు బ్యాంకు స్నేహితురాలి షరతు. "మా నాన్న పేకాటలో పొలం పోగొట్టాడు. తాకట్టుకెళ్లిన అమ్మ గొలుసు మళ్లీ ఇంటికి రాలేదు. రూపాయి కనబడితే లేచి వెళ్లిపోతాను" అంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టం మార్చి డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్రం చట్టం చేసింది. ఈ వాదాలన్నీ ఆట నైపుణ్యమా అదృష్టమా అన్నదాని గురించే. ఆడనివాళ్ల గొలుసు ఎందుకు పోతుందన్నది ఆమె ప్రశ్న. ద్రౌపదిని పందెం ఒడ్డారు కానీ ఆమె చేతికి పాచికలు ఎవరూ ఇవ్వలేదు కదా!

మా నాన్న పందేల మనిషి కాదు. సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో వరండాలో ఆడేవాడు, అంతే. పోయింది డబ్బు కాదు, అమ్మ నిద్ర. తెల్లవారుజాము దాకా టీలు, జంతికలు, మంచినీళ్లు. ఒక రాత్రి టీ గ్లాసు పెడుతూ నాన్న చేతిలోకి చూసి, "ఆటీను పది పారెయ్యకండి, మీ తరవాతాయన ఇందాక తొమ్మిది ఎత్తుకున్నారు" అంది. అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. "నువ్వు టీ సంగతి చూడు" అని నాన్న ఆ పదే పారేశాడు. పక్కాయన దాన్ని ఎత్తుకుని షో చేశాడు. అమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్లింది. ఎన్నేళ్లు గుమ్మం పక్కన నిలబడి ఆ ఆట నేర్చుకుందో నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె చేతికి 13 ముక్కలు ఎవరూ పంచలేదు. పెద్దయ్యాక నేనూ పంచలేదు.

ఇవన్నీ తెలిసినదాన్నే కదా! తరగతి గదిలో ఇంటిచాకిరీ గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్నే. అయినా మొదటి శనివారం నేనేం చేశాను? మిరపకాయ బజ్జీలు, పులిహోర, పెరుగన్నం, రెండుసార్లు టీ. మూడో ఆటకి నా ముక్కలు పంచి పెట్టి పిలిచారు. "వస్తున్నా, మీరు కానివ్వండి" అన్నాను. నూనె కాగుతోంది. మళ్లీ పిలిచారు. "ఈ వాయి అయిపోనీ" అన్నాను. చివరికి నర్సు స్నేహితురాలు వంటింట్లోకి వచ్చి, స్టవ్ ఆపేసి, "నీ ముక్కలు బోర్లా పడున్నాయి, వాటిని ఎవరు ఎత్తుతారు?" అంది.

నిజానికి ఆ క్షణంలో నాకు కోపమే వచ్చింది. వచ్చినవాళ్లకి సగం బజ్జీలు పెట్టడమేమిటని. ఆ కోపం నాది కాదని, అమ్మ దగ్గర్నుంచి నా చేతుల్లోకి వచ్చిందని అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నియమం మారింది. ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకుంటారు. టీ ఫ్లాస్కులో పోసి మధ్యలో పెడతాం, కావలసినవాళ్లు వంచుకుంటారు. మావారు ఆ రాత్రి తన వంట తనే చేసుకుని లోపల టీవీ చూస్తారు. మొదట్లో గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువగా వినిపించేది.

ఇప్పటికీ ఎవరి గ్లాసైనా ఖాళీ అయితే నా మోకాళ్లు వాటంతటవే లేవబోతాయి. అప్పుడు ముక్కలు గట్టిగా పట్టుకుంటాను. పోయిన నెల ఆటీను పది నా చేతికొచ్చింది. ఎవరేం ఎత్తుకున్నారో గుర్తు తెచ్చుకుని, పారెయ్యకుండా దగ్గరే ఉంచుకున్నాను. ఓడిపోయాను, ఫుల్ కౌంటు. 80 చింతపిక్కలు లెక్కపెట్టి ఇచ్చాను.